సైకిలు చూసేదానికా, తొక్కేదానికా?



పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకరు సైకిలు బొమ్మ వేసినారు. అందరూ చూసే ఉంటారు. లావు టైర్లు, ముందర స్ప్రింగులు, ఎర్ర రంగు మీద నల్ల చారలు. కింద 'నా కలల సైకిలు' అని రాసినారు. బొమ్మ చాలా బాగుంది. నాకైతే అట్ల వేయడం రాదు. కానీ నేను ఆ బొమ్మ ముందర నిలబడి శానాసేపు ఒకటి వెతికినాను. క్యారియర్ యాడుంది అని. లేదు. మడ్‌గార్డు లేదు. చైను కవరు లేదు. బెల్లు కూడా లేదు. అందుకే ఈ నెల నేను ఇది రాస్తున్నాను. అక్క కోపం చేసుకోవద్దని మనవి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. సైకిలు అనేది మనం పోయే దోవకు సరిపోవాలి, మోసే బరువుకు సరిపోవాలి, తొక్కే మనిషి ఎత్తుకు సరిపోవాలి. ఈ మూడూ అయినాక సోకు. ముందే సోకు చూసి కొంటే ఏమవుతుందో మా ఇంట్లో చూసినాము.

మాది జమ్మలమడుగు పక్కన ఒక కాలనీ. మేము ఎరుకలోళ్ళం. మా నాయన ఈత గంపలు, పొరకలు చేసి ప్రొద్దుటూరుకు సైకిలు మీద తీసుకుపోయి అమ్ముతాడు. మా అన్న పది పాసై ఇంటర్ లో చేరినప్పుడు కాలేజీకి సైకిలు కావాలన్నాడు. నాయన తన మాదిరి సైకిలు కొంటానన్నాడు. అన్న ఒప్పుకోలేదు. "అది గంపలోళ్ళ సైకిలు, నన్ను చూసి నవ్వుతారు" అన్నాడు. గేర్ల సైకిలు కావాలన్నాడు. నాయన 9000 రూపాయలు పెట్టి కొన్నాడు. ఒక గంప అమ్మితే నాయనకు మిగిలేది 30 రూపాయలు. లెక్క వేయండి. 300 గంపలు.

మొదటి నెల కాలనీ పిల్లోళ్ళంతా ఆ సైకిలు వెనకాల పరిగెత్తినారు. రెండో నెల పల్లేరుకాయలు గుచ్చుకుని నాలుగుసార్లు పంచరైంది. మడ్‌గార్డు లేదు గదా, వాన పడిన రోజు అన్న చొక్కా వీపు మీద బురద గీత పడింది. పుస్తకాలు పెట్టేదానికి చోటు లేదని సంచి హ్యాండిల్ కు తగిలిస్తే అది చక్రానికి రాసుకుని చినిగింది. మూడో నెల బండలు పరిచిన దోవలో పోతుంటే, వెనక చక్రం దగ్గర కిందికి వేలాడుతుంటాది చూడండి గేర్లు మార్చే పరికరం, అది రాయికి తగిలి వంగి స్పోకుల్లోకి పోయింది. ఆరు స్పోకులు తెగినాయి. మా ఊర్లో సైకిలు రిపేరు చేసే తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సామాను నా దగ్గర యాడుంటాది నాయనా" అన్నాడు. టౌనులో అడిగితే తెప్పించాలన్నారు. ఈ వారం, వచ్చే వారం అన్నారు. బస్సు టయానికి లేదు. ఆటోకు రోజూ డబ్బులు లేవు. అన్న వారానికి రెండు రోజులు పోయినాడు, తర్వాత ఒక రోజు, తర్వాత పోలేదు. ఇప్పుడు బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు.

అన్న చదువు ఆగింది సైకిలు వల్లనే అని నేను అనను. ఇంకా కారణాలు ఉన్నాయి. కానీ ఆ నెల సైకిలు గోడకు ఆనించకుండా ఉండి ఉంటే ఏమయ్యేదో అని నాకు అనిపిస్తుంటుంది. అది ఇప్పటికీ గోడకే ఉంది. రాత్రిళ్ళు దాని మీద కోళ్ళు పడుకుంటాయి.

ఇప్పుడు మా నాయన సైకిలు సంగతి చెప్తాను. దానికి రంగు లేదు. సీటు చినిగితే పాత ట్యూబు చుట్టినాడు. కానీ దానిలో ప్రతి వస్తువుకు ఒక కారణం ఉంది. చక్రాలు పెద్దవి, 28 అంగుళాలు. టైర్లు సన్నం. గాలి గట్టిగా కొట్టిస్తాడు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు 20 కిలోమీటర్ల పైన తారు రోడ్డు. తారు రోడ్డు మీద సన్న టైరు, గట్టి గాలి ఉంటే చక్రం సులభంగా దొర్లుతుంది. క్యారియర్ వెల్డింగ్ చేయించిన ఇనుపది. స్టాండు రెండు కాళ్ళది, ఎందుకంటే ఒంటికాలి స్టాండు మీద బరువు సైకిలు నిలబడదు. రెండు పక్కలా పొరక కట్టలు, వెనకాల తల కంటే ఎత్తుగా గంపలు. వెనక నుంచి చూస్తే మనిషి కనపడడు, గంపలే రోడ్డు మీద పోతున్నట్టు ఉంటుంది. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల దసరా చాలా పెద్దగా చేస్తారు. ఆ రోజుల్లో నాయన రోజూ పోతాడు. ఒక్కరోజు కూడా ఆ సైకిలు ఆగలేదు. ఆగినా దానికి కావలసిన సామాను ఏ ఊర్లో అయినా దొరుకుతుంది. ఇది కూడా సైకిలు గుణమే అని నా అభిప్రాయం. మన ఊర్లో బాగుచేయలేని సైకిలు మనది కాదు, అంగడోళ్ళది.

అయితే పాతదంతా మంచిది, కొత్తదంతా చెడ్డది అని చెప్పడం లేదు. అట్ల అనుకుంటే మళ్ళీ తప్పే. దోవను బట్టి మారాలి.

జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి. ఎండాకాలం బీటలు వారి ఉంటుంది, వానాకాలం జిగురు. ఆ మట్టి టైరుకు అంటుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగనే తిరగదు. సైకిలును మనమే మోయాలి. అందుకే వానాకాలంలో నాయన మడ్‌గార్డును కొంచెం పైకి లేపి కట్టుకుంటాడు, టైరుకు దానికి మధ్యన వేలు దూరేంత సందు ఉండేట్టు. హ్యాండిల్ దగ్గర ఒక పుల్ల పెట్టుకుంటాడు, మట్టి గీకేదానికి. లావు టైరు వేసి దాని మీద మడ్‌గార్డు ఇరుకుగా బిగిస్తే ఈ భూమిలో పనికి రాదు.

గండికోటకు పోయే దోవ ఎక్కుడు. మన బడి నుంచి విహారయాత్రకు పోయినప్పుడు పెన్నా లోయ అంచున నిలబడి చూసినాము గదా. అక్కడికి సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాళ్ళు కూడా కనపడినారు. ఆ ఎక్కుడు మీద గేర్లు అవసరమే. ఎందుకో లెక్కతో చెప్తాను. నేను నాయన సైకిలు పళ్ళు లెక్కపెట్టినాను. ముందర 44, వెనకాల 18. పెడల్ ఒకసారి తిప్పితే వెనక చక్రం 44ను 18తో భాగిస్తే వచ్చినన్ని చుట్లు, అంటే దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం అడ్డం 71 సెంటీమీటర్లు. 22/7 తో గుణిస్తే చుట్టుకొలత 223 సెంటీమీటర్లు. అంటే ఒక్క తొక్కుకు సైకిలు ఐదున్నర మీటర్లు పోతుంది. వెనకాల 18 పళ్ళది తీసి 22 పళ్ళది వేస్తే ఒక్క తొక్కుకు నాలుగున్నర మీటర్ల లోపే పోతుంది. దూరం తగ్గింది గదా అనుకోవచ్చు. కానీ కాలి మీద బరువు కూడా అంతే తగ్గుతుంది. ఎక్కుడులో దిగి తోసే పని తప్పుతుంది. చూడండి, దీనికి 21 గేర్లు అక్కరలేదు. నాలుగు పళ్ళు ఎక్కువ ఉంటే చాలు.

పులివెందుల పక్కన మా చిన్నమ్మ ఊరు. ఆడ వేరే భూమి. మిట్టలు, గులకరాళ్ళు, తుమ్మ ముళ్ళు. మా చిన్నాయన చీనీ తోటల్లో, అరటి తోటల్లో పనికి పోతాడు. ఆయన సైకిలుకు లావు టైర్లే ఉన్నాయి. నేను ముందు నవ్వినాను, "ఏం చిన్నాయనా, నువ్వు కూడా సోకేనా" అని. ఆయన నన్ను ఎక్కి తొక్కమన్నాడు. సన్న టైరు రాళ్ళ మీద జారుతుంది, ఎగురుతుంది, చేతులు నొప్పి పుడతాయి. లావు టైరులో గాలి కొంచెం తగ్గించి కొడితే అది రాయి మీద పరుచుకుని పోతుంది. ఇసుకలో కూడా తక్కువ దిగుతుంది. మనం పాఠంలో చదివినాము, వైశాల్యం ఎక్కువైతే పీడనం తగ్గుతుందని. ఒంటె పాదం ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకుంటాము, సైకిలు టైరు దగ్గర మర్చిపోతాము. గాలి మరీ తగ్గించినా తప్పే, రాయికి రిమ్ముకు మధ్యన ట్యూబు నలిగి చినుగుతుంది. ఇంకొక పని చేసినాడు చిన్నాయన. పాత ట్యూబును పట్టీగా కోసి టైరుకు, ట్యూబుకు మధ్యన వేసినాడు. చాలా ముళ్ళు ఆ పట్టీలోనే ఆగిపోతాయి. ఆయన సైకిలుకు స్ప్రింగులు లేవు. క్యారియర్ మాత్రం ఉంది, అరటి గెల కట్టేదానికి.

ఆ రోజు నా ఆలోచన మారింది. తప్పు లావు టైరుది కాదు. ఎందుకు లావో తెలియకుండా కొనడం తప్పు.

ఈ మాట మన సైన్సు మేడంతో అంటే ఆమె మౌంటెన్ బైకు, అంటే కొండ సైకిలు, పుట్టిన కథ చెప్పినారు. అక్క బొమ్మలోని సైకిలుకు అదే తాత. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో టామల్‌పైస్ అని ఒక కొండ ఉంది. 1970ల్లో కొందరు యువకులు ఆ కొండ మట్టి దోవల్లో సైకిళ్ళ మీద దిగేవాళ్ళు. దానికి వాళ్ళు కొత్త సైకిళ్ళు కొనలేదు. 1930లు, 40ల నాటి పాత బరువు సైకిళ్ళను ఏరుకున్నారు. ఎందుకంటే వాటి టైర్లు లావు, ఇనుము గట్టిది. మడ్‌గార్డులు ఊడబీకినారు, ఎందుకంటే వాళ్ళు బడికి పోవడం లేదు, పందెం ఆడుతున్నారు. 1976లో మొదలైన ఒక పందానికి 'రీప్యాక్' అని పేరు. వాళ్ళ బ్రేకు వెనక చక్రం ఇరుసులో ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది. కొండ దిగేలోపల ఆ వేడికి లోపలి గ్రీజు కాలిపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకే ఆ పేరు. తర్వాత 1977లో జో బ్రీజ్ అనే ఆయన కొండ దోవ కోసమే కొత్తగా ఫ్రేము తయారుచేసినాడు. అంటే మొట్టమొదటి కొండ సైకిలు పాత ఇనుప సామాను మాదిరి ఉండేదన్న మాట. పని కోసం ఒకటి తీసేసి ఒకటి తగిలించగా దానికి ఆ రూపం వచ్చింది. ఇప్పుడు మన అంగళ్ళలో చవకగా అమ్మే వాటికి రూపం మాత్రమే వచ్చింది. ఆ చవక స్ప్రింగులు రాయి దెబ్బను పెద్దగా ఆపవు. బరువు పెంచుతాయి, మనం తొక్కే బలంలో కొంత అవే తింటాయి.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమంలో పల్లెటూరి ఆడవాళ్ళు వేల మంది సైకిలు నేర్చుకున్నారు. పి. సాయినాథ్ గారు దాని గురించి రాసినారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే వాళ్ళు మగవాళ్ళ సైకిళ్ళే తొక్కినారంట. కొందరికి అవే నచ్చినాయంట, ఎందుకంటే సీటు ముందర బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. లేడీస్ సైకిలు, జెంట్స్ సైకిలు అని పేర్లు పెట్టింది అంగడోళ్ళు. ఆ తల్లులు మాత్రం బిడ్డ యాడ కూర్చుంటుంది అని చూసినారు.

బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోమని ప్రభుత్వం 2000 రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలిస్తే, దానివల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగినారని తేలింది. మన రాష్ట్రంలో కూడా 2017లో 'బడికొస్తా' అనే పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చినారు. అప్పట్లో 2000 రూపాయలకు గేర్లు, స్ప్రింగులు వచ్చేవి కావు. మామూలు సైకిలే వచ్చేది. ఆ మామూలు సైకిలే అంతమందిని బడికి చేర్చింది.

ఇప్పుడు మా చెల్లెలి విషయం. ఈ సంవత్సరం అది ఆరో తరగతికి వచ్చింది. హైస్కూలు మా కాలనీకి 4 కిలోమీటర్లు. నడిచి పోయేదానికి అమ్మ భయపడుతుంది. సైకిలు లేకపోతే బడి మాన్పించి గంపలల్లే పనికి పెట్టేట్టుంది. నేను పెద్ద తెలివిగలదాని మాదిరి, "నాయన సైకిలు మాదిరిది కొనండి" అన్నాను. ఎక్కించి చూస్తే కాళ్ళు అందలేదు. బారు కింద కాలు దూర్చి తొక్కి పది బారలు పోయి పడింది. మోకాలు చీరుకుంది. నా తప్పు నాకు తెలిసింది. నాయనకు సరిపోయింది చెల్లెలికి సరిపోదు. నేను కూడా దోవను చూసినాను, బరువును చూసినాను, మనిషిని చూడలేదు.

తర్వాత నాయన, నేను, రిపేరు తాత కలిసి ఒక సెకండ్ హ్యాండ్ సైకిలు చూసినాము. ముందర బారు కిందికి వంగినది, చిన్నది. తాత సీటు సరిచేసే పద్ధతి చూపించినాడు. సీటు మీద కూర్చుని, కిందికి వచ్చిన పెడల్ మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు ముందరి పాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది, నొప్పి రాదు. నేర్చుకునే నెల రోజులు మాత్రం ఇంకొంచెం దించుకుంటే కాళ్ళు నేలకు అందుతాయి. వెనకాల 22 పళ్ళ ఫ్రీవీల్ వేయించినాము. చైను కవరు, వెనక చక్రానికి జాలీ వేయించినాము, పావడా, చున్నీ పడకుండా. టైరులో చిన్నాయన పట్టీ. బ్రేకు రబ్బర్లు కొత్తవి. ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు కాబట్టి వానలో ముందే పట్టుకుంటూ పోవాలని చెల్లెలికి చెప్పినాము. క్యారియర్ గట్టిది. అన్నీ కలిపి అన్న సైకిలు ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు.

అన్నీ అయినాక చెల్లెలు హ్యాండిల్ కు ఎర్ర రిబ్బన్లు కట్టుకుంది. నేను వద్దనలేదు. సోకు తప్పు కాదు. ఎవరికైనా తమ వస్తువు అందంగా ఉండాలని ఉంటుంది. అన్నకు కూడా అదే గదా, గంపలోళ్ళ పిల్లోడని నవ్వుతారని భయం. దానికి అన్నను నేను తిట్టలేను. కానీ నవ్వేవాళ్ళు మన పంచరు వేయరు. మనల్ని బడికి చేర్చరు.

సెలవుల్లో ఇంకొకటి జరిగింది. రిపేరు తాత అన్న సైకిలును చూసి, "ఆ గేర్లన్నీ ఊడబీకి ఒంటి ఫ్రీవీల్ బిగిస్తే నడుస్తాది, మర ఒకటే" అన్నాడు. చైను కొంచెం కోయాలంట, వెనకాల క్యారియర్ కట్టాలంట. అన్న ఏమీ మాట్లాడలేదు. పొద్దున లేచి చూస్తే కోళ్ళను తోలి సైకిలు బయట పెట్టి తుడుస్తున్నాడు. వచ్చే సంవత్సరం మళ్ళీ పరీక్ష కడతాడేమో నాకు తెలియదు. కట్టాలని నా కోరిక.

కాబట్టి అక్కలారా, చెల్లెళ్ళారా, మీ ఇంట్లో సైకిలు కొనేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. యా దోవలో పోతాది? ఏమి మోస్తాది? ఎవరు తొక్కుతారు? చెడిపోతే మన ఊర్లో ఎవరు బాగుచేస్తారు? ఈ నాలుగింటికి జవాబు వచ్చినాక రంగు మీ ఇష్టం.

బొమ్మ వేసిన అక్కకు నా విన్నపం. మళ్ళీ వేసేటప్పుడు ఎర్ర రంగే వేయండి, చారలు కూడా వేయండి. క్యారియర్ ఒకటి కలపండి. దాని మీద మీ పుస్తకాల సంచి కూడా వేయండి.

తప్పులుంటే క్షమించండి. మీ అభిప్రాయం రాసి పత్రిక పెట్టెలో వేయండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని